కె.ఎల్. రావు రచనలూ, నీటి రాజకీయమూ

ఒక ఇంజనీరు రాసిన పుస్తకాల మీద సాహిత్య విమర్శ పత్రికలో వ్యాసం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఎల్లారెడ్డి ప్రాంతపు మిత్రుడొకడు ముందే అడిగాడు. "సాగర్ కట్ట మా పక్కకే ఉన్నది. కాల్వ మాత్రం మా దిక్కు రాదు. గా కృష్ణా జిల్లా ఇంజనీరు ముచ్చట మనకెందుకన్నా?" అన్నాడు. ప్రశ్న సమంజసమైనదే. ఏ తరమైనా నీటి గురించి ఏ మాటల్లో ఆలోచిస్తుందో, ఆ మాటలు ఆ తరపు భావజాలంలో భాగం. స్వాతంత్ర్యం తర్వాత తెలుగువాడు నీటి గురించి మాట్లాడిన మాటల్లో చాలాభాగం కె.ఎల్. రావు తరం ఇంజనీర్లు ఇచ్చినవే. మిగులు జలాలు, వృథాగా సముద్రం పాలయ్యే నీరు, సస్యశ్యామలమయ్యే బీళ్ళు - ఈ మాటలు ఇంజనీరు నివేదికలోంచి మంత్రి ఉపన్యాసంలోకి, అక్కడినుంచి మన కవిత్వంలోకి నడిచి వచ్చాయి. అవి వచ్చిన దారి ఎటువంటిదో చూడటం విమర్శకుడి పని కాకుండా ఎలా పోతుంది?

కానూరి లక్ష్మణరావు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టాడు. తండ్రి గ్రామ కరణం. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. బడిలో ఆడుకుంటూ దెబ్బతిని ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న మొదటి విద్యార్థి ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ అందుకున్నాడు. రంగూన్‌లో ఆచార్యుడిగా, బ్రిటన్‌లో అధ్యాపకుడిగా పనిచేశాడు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పాఠ్యగ్రంథం రాశాడు. తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరి, 1950లో ఢిల్లీ వెళ్ళి, కేంద్ర జల విద్యుత్ సంఘంలో పై మెట్టు దాకా ఎక్కాడు. అరవై ఏళ్ళు రాబోతుండగా 1962లో విజయవాడ నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1967లోనూ 1971లోనూ మళ్ళీ గెలిచాడు. 1963 జులైలో నెహ్రూ మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖకు వచ్చి, శాస్త్రి కాలంలోనూ ఇందిరాగాంధీ కాలంలోనూ కొనసాగి 1973 దాకా ఉన్నాడు. పదవి పోయాక రెండు పుస్తకాలు వచ్చాయి. 1975లో 'ఇండియాస్ వాటర్ వెల్త్'. 1978లో 'ది క్యూసెక్స్ కాండిడేట్' అనే జ్ఞాపకాలు. 1986 మే 18న కన్నుమూశాడు. కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టుకు తర్వాత ఆయన పేరు పెట్టారు.

కరణం కొడుకు చదువుకుని పెద్ద ఉద్యోగి కావటం ఆ జిల్లాల్లో అరుదైన కథ కాదు. మనం ఆగి చూడవలసింది కంకిపాడు అనే చోటు దగ్గర. అది కృష్ణా తూర్పు డెల్టా. విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. అంటే ఈయన పుట్టేనాటికి అక్కడ కాలువ వచ్చి అర్ధశతాబ్దం. అక్కడి పిల్లవాడికి నీరంటే పైనుంచి కాలువలో కొలతగా వచ్చేది. సర్కారు వదిలితే వస్తుంది, వదలకపోతే రాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో పుట్టిన పిల్లవాడికి నీరంటే కుంట, చెరువు, మత్తడి, మోటబావి. వాన పడితే ఉంటుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో నీరటి చూసుకుంటాడు. ఇవి రెండు నీటి సంస్కృతులు. కె.ఎల్. రావు చదువు, ఉద్యోగం, రాజకీయం అన్నీ మొదటిదానిలో నుంచి పెరిగాయి. ఇది ఆయన తప్పని నేననను. కానీ జాతీయ దృష్టి అని మనం ఇన్నాళ్ళూ పిలిచినదానికి కూడా ఒక ఊరు ఉంది, అది డెల్టాలో ఉంది అని గుర్తించాలి.

ఇక 1975 నాటి పుస్తకం. భారతదేశపు జలసంపద, దాని అంచనా, వినియోగం, భవిష్యత్ ప్రణాళికలు అని అట్ట మీదే చెప్పాడు. నదులు, వరదలు, సేద్యం, విద్యుత్తు మొదలైన విషయాలన్నీ ఒకే చూపులోకి తెచ్చిన పుస్తకమిది. ఆ రోజుల్లో దేశం మొత్తం నీటిని ఇలా ఒక్కచోట కూర్చి చూడగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. పాండిత్యంలో లోటు పట్టుకోవటం నా వల్ల కాదు, అది నా ఉద్దేశమూ కాదు. అట్ట మీది మాటలే నన్ను ఆపాయి. సంపద అంటే సొత్తు. సొత్తు అన్నాక సొంతదారు ఉంటాడు. ఈ సంపద సొంతదారు దేశం. దేశమంటే ఎవరు? వినియోగం అన్నాడు సరే, వినియోగించుకునేది ఎవరు? పొలం ఉన్నవాడు. పొలం ఎవరికి ఎంత ఉందనేది నీటి శాఖ అడిగే ప్రశ్న కాదు. అది రెవెన్యూ శాఖ వ్యవహారం. ఈ శాఖల విభజనే ఆ తరం ఇంజనీరు మేధను రెండు ముక్కలు చేసింది. నీరు ఎంత అన్న ప్రశ్నకు దశాంశ స్థానాల దాకా జవాబు చెప్పగలిగినవాడు, నీరు ఎవరికి అన్న ప్రశ్న వచ్చేసరికి దాన్ని పక్క గదిలోకి పంపించాడు.

దీనికి పెద్ద ఉదాహరణ ఆయన పేరుతోనే ముడిపడిన గంగా - కావేరీ అనుసంధానం. 1972లో ముందుకు తెచ్చిన పథకమిది. పాట్నా దగ్గర గంగలో వరదకాలంలో ఏడాదికి 150 రోజులు 60,000 క్యూసెక్కుల నీరు తోడాలి. అందులో 50,000 క్యూసెక్కులు దక్షిణాదికి రావాలి. సోన్, నర్మద, తపతి, గోదావరి, కృష్ణ, పెన్న దాటి కావేరి దాకా 2,640 కిలోమీటర్ల దారి. మధ్యలో నీటిని సుమారు 550 మీటర్లు ఎత్తి పోయాలి. అందుకు 5,000 నుంచి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావాలి. నలభై లక్షల హెక్టార్లకు కొత్తగా నీరు. మన నిజాంసాగర్ ఇప్పటి పూర్తి నిల్వ 17.8 టి.ఎం.సి. ఆ 50,000 క్యూసెక్కుల ప్రవాహం ఇటు తిరిగితే సాగర్ నాలుగు రోజుల్లో నిండుతుంది. ఊహకే ఒళ్ళు జలదరిస్తుంది. మహాకావ్యానికి తగిన ఊహ అంటే అతిశయోక్తి కాదు. ఖర్చూ విద్యుత్తూ మోయలేనంత అని ప్రభుత్వ నిపుణులే తర్వాత దాన్ని పక్కన పెట్టారు. ఆ ఊహ మాత్రం చావలేదు. 2002లో మళ్ళీ లేచింది, గోదావరి - కావేరీ పేరుతో ఇవాళా తిరుగుతోంది. ఆశయం మంచిదే అయినా ఇది ఒకే ప్రశ్నను వదిలిపెట్టి మొదలైన ఊహ. గంగలో మిగులు ఉన్నదని ఎవరు చెప్పారు? పాట్నాలో కూర్చుని చూస్తే కనబడే మిగులు, ఆ నది దిగువన బతికేవాడికి మిగులుగా కనబడదు.

దిగువ మాట ఇక్కడ అన్నాను గాని, ఎగువ సంగతి తెలియాలంటే మా మంజీర దగ్గరికి రావాలి. 1923 నుంచి 1931 వరకు నిజాం ప్రభుత్వం అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాంసాగర్ కట్టింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఛీఫ్ ఇంజనీరు. 2,75,000 ఎకరాల ఆయకట్టు. మంజీర ఒడ్డు ఊళ్ళు మునిగాయి. కాలువ బాన్సువాడ, బోధన్ వైపు దిగిపోయింది. సాగర్ పూర్తి మట్టం 1405 అడుగులు, కామారెడ్డి గడ్డ అంతకు మించి ఎత్తు. నీరు పల్లానికే పోతుంది. దానికి ఎవరినీ నిందించలేము. కానీ పల్లంలో జరిగిన కథ ఏమిటి? కాలువ సేద్యం తెలిసిన కోస్తా రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, కాలువ కింద చెరకు పాకింది. భూమి ఉన్నవాడికి కాలువ ఉన్నది, లేనివాడికి చెరకు నరికే కూలి ఉన్నది. ఆ ఫ్యాక్టరీ కూడా 2015 చివర మూతపడింది. మొదట 29 టి.ఎం.సి.లకు పైబడిన సాగర్ నిల్వ, పూడిక వల్ల 1970లనాటికి సగానికి తక్కువైంది. కట్ట మట్టం పెంచి కొంత తిరిగి సంపాదించారు. పూడిక గురించి ఇంజనీరుకు తెలియక కాదు. డ్యాము ఆయుర్దాయం అని దానికో లెక్కే ఉంది. ఆయుర్దాయం లెక్కలో ఆయకట్టు చివరి రైతు ఎన్నో ఏట ఎండిపోతాడో ఉండదు, అంతే.

సాగర్‌కు ఎగువన సింగూరు వచ్చింది. సుమారు 30 టి.ఎం.సి.ల జలాశయం. హైదరాబాదు దాహం తీర్చటం దాని మొదటి పని. ఇలా ఒక నది మీద మూడు తరగతులు ఏర్పడ్డాయి: నీళ్ళు తాగే నగరం, నీళ్ళు పారే పల్లం, కట్టను చూస్తూ కూర్చునే గడ్డ. నదీజలాల పంపకానికి కృష్ణా, గోదావరీ ట్రిబ్యునళ్ళు రెండూ ఏర్పడింది 1969 ఏప్రిల్‌లో. అప్పుడు కేంద్రంలో నీటి శాఖ కె.ఎల్. రావుదే. సరిగ్గా ఆ ఏడాదే తెలంగాణ వీధుల్లోకి వచ్చింది. ఒకవైపు రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య నీటిని తూచే తక్కెడ సిద్ధమవుతుంటే, మరోవైపు రాష్ట్రం లోపలి తూకం గురించి జనం గొంతెత్తారు. ట్రిబ్యునలు మొదటి తగాదాకు తీర్పు చెప్పగలదు. రెండోదానికి ఆ తక్కెడలో రాయే లేదు.

ఇంతవరకు చెప్పినదంతా చూసి, ఈయనను ఏకపక్షంగా కొట్టేస్తున్నానని అనుకోవద్దు. నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా కట్టాలన్న నిర్ణయం ఉంది. దాని రూపకల్పనలో కె.ఎల్. రావు ప్రముఖ భాగస్వామి. సిమెంటు కరువు, యంత్రాలకు విదేశీ మారకం లేదు, మనుషులు మాత్రం లక్షల్లో ఉన్నారు. రాయి పేర్చటానికి చేతులు కావాలి కనుక చేతులకు పని దొరుకుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేస్తే 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి ఆనకట్ట. విదేశంలో కాంక్రీటు మీద పాఠాలు చెప్పినవాడు, స్వదేశంలో కాంక్రీటు మోజు పక్కన పెట్టి రాతికీ మనిషికీ ఓటు వేశాడు. ఒక దేశపు ఉత్పత్తి శక్తులు ఏ దశలో ఉన్నాయో గ్రహించి దానికి తగిన సాంకేతికతను ఎన్నుకోవటం అంటే ఇదే. మార్క్సిజం చదవని ఇంజనీరు మనలో చాలామందికన్నా బాగా చేసిన పని ఇది. అయితే ఆ రాళ్ళు మోసిన కూలీల ఊళ్ళకు ఆ నీరు వెళ్ళిందా అని అడిగితే మళ్ళీ పక్క గదికి పోవలసిందే. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా తట్ట మోసిన పాలమూరు కూలీకి సొంత ఊళ్ళో తాగునీరు లేని సంగతి అందరికీ తెలిసినదే.

మన సంగతి? మన కవులు ఈ కట్టల మీద ఏం రాశారు? అభ్యుదయ కవిత్వంలో ఆనకట్ట దాదాపు ఎప్పుడూ విజయచిహ్నమే. కార్మికుడి కండ, ప్రకృతి మీద మానవుడి గెలుపు, రేపటి పంట. 1954లో భాక్రా దగ్గర నెహ్రూ ఇటువంటి కట్టడాలను ఈ కాలపు గుళ్ళతో పోల్చాడు. మనం నెహ్రూ వర్గస్వభావాన్ని విమర్శిస్తూనే ఆయన గుళ్ళో హారతి పట్టాం. 1958 నాటికి నెహ్రూయే భారీతనం ఒక జబ్బుగా మారుతున్నదని ఇంజనీర్ల సభలో హెచ్చరించాడు. ఆ రెండో మాటను ఎత్తుకున్న పద్యం నా కంటపడలేదు. కె.ఎల్. రావును విమర్శించేటప్పుడు ఈ ఆత్మవిమర్శ వదిలేస్తే నిజాయితీ అనిపించుకోదు. మునిగిన ఊరివాడు మన సాహిత్యంలోకి వచ్చింది చాలా ఆలస్యంగా.

మరో విచిత్రం ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి గడ్డ మీదికి కె.ఎల్. రావు కాలం నుంచి చేరినది కాలువ కాదు, కరెంటు తీగ. ఆయన శాఖ పేరులోనే రెండో సగం విద్యుత్తు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969 జులైలో ఆయన మంత్రిగా ఉండగా పుట్టింది. ఇది ఒక్కడి ఘనతా కాదు, ఒక్కడి నేరమూ కాదు. కానీ తీగ వచ్చాక మోట పోయి మోటారు వచ్చింది. బావి అడుగంటితే బోరు వచ్చింది. రాతినేల కింద నీరు పగుళ్ళలో దొరికినంతే దొరుకుతుంది. ఒకడు రెండువందల అడుగులు వేస్తే పక్కవాడు నాలుగువందలు వేస్తాడు. చెరువు ఊరందరి వ్యవహారం, బోరు ఒక్కొక్కడి అప్పు. కాలువ నీటికి ఖర్చు సర్కారుది; బోరు నీటికి ఖర్చు రైతుది, ఎండిపోయిన బోరుకూ రైతుదే. రాత్రి కరెంటుకు లేచి పొలం వెళ్ళి షాక్ తగిలి చచ్చిపోయినవాళ్ళు తెలంగాణలో ఎన్ని ఊళ్ళలో లేరు? ఈ కథ జలసంపద పుస్తకాల్లో క్యూసెక్కులుగా రాదు. ఎల్లారెడ్డి మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇదొక జవాబు: ఆ కృష్ణా జిల్లా ఇంజనీరు కాలం మీ ఇంటికి వేరే దారిన వచ్చింది, స్టార్టరు డబ్బా రూపంలో.

జ్ఞాపకాల పుస్తకం దగ్గరికి వస్తాను. పేరు 'ది క్యూసెక్స్ కాండిడేట్'. ఉపశీర్షిక చూడండి: ఒక ఇంజనీరు జ్ఞాపకాలు. పదిహేనేళ్ళు పార్లమెంటు సభ్యుడు, పదేళ్ళు కేంద్రమంత్రి. అయినా తనను రాజకీయ నాయకుడినని చెప్పుకోవటం ఆయనకు ఇష్టం లేదు. విశ్వేశ్వరయ్య 1951లో తన జ్ఞాపకాలకు పనిచేసిన జీవితం అన్న అర్థంలో పేరు పెట్టాడు. అదే కోవ. ఈ ఇంజనీర్లకు పని పవిత్రం, రాజకీయం మురికి. రాజకీయంలోకి వచ్చినా పని కోసమే వచ్చామని నమ్మారు. వ్యక్తిగతంగా ఇది ఉన్నతమైన వినయం. భావజాలంగా చూస్తే మాత్రం ఇందులో ప్రమాదం ఉంది. ఓటరు ముందుకు క్యూసెక్కు అభ్యర్థిగా వచ్చినవాడు, క్యూసెక్కుకు పార్టీ లేదు, కులం లేదు, వర్గం లేదు అని చెబుతున్నాడు. సెకనుకు ఒక ఘనపుటడుగు ఎక్కడ పారినా ఒక ఘనపుటడుగే. అది తూములోంచి దిగి మొదటి మడిలో పడ్డ క్షణం నుంచి దానికి వర్గం వస్తుంది. ఆచార్యుడు రాజకీయాల్లోకి వచ్చాడు గాని, తన శాస్త్రంలోకి రాజకీయాన్ని రానివ్వలేదు.

దీని తలకిందుల రూపాన్ని మన కాలం చూసింది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైనప్పుడు, రాజకీయ నాయకుడే ఇంజనీరై మ్యాపు మీద కర్ర పట్టుకుని పాఠం చెప్పాడు. ప్రాజెక్టుకు తానే రూపకర్తనన్నాడు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. ఆ తర్వాత నెలన్నర తిరక్కుండా ఆ ముఖ్యమంత్రి కామారెడ్డిలో పోటీచేసి ఓడిపోయాడు. ఓటమికి కారణాలు అనేకం; నీళ్ళకే ముడిపెట్టి తేల్చటం సులభమైన విశ్లేషణ అవుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి బీళ్ళకు గోదావరి నీరు ఎత్తి తేవలసిన ఇరవై రెండో ప్యాకేజీ, ప్రాణహిత - చేవెళ్ళ నాటి నుంచి కాళేశ్వరం దాకా పేర్లు మారింది గాని పూర్తికాలేదు. కె.ఎల్. రావుకు లెక్క తెలుసు, రాజకీయాన్ని పక్కన పెట్టాడు. తర్వాతివాళ్ళకు రాజకీయం తెలుసు, లెక్కను పక్కన పెట్టారు. రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో తేల్చమంటే, మేడిగడ్డ తర్వాత నేను సంకోచించకుండా రెండోదే అంటాను.

చివరగా భాష మాట. కె.ఎల్. రావు ఈ రెండు పుస్తకాలూ ఇంగ్లీషులో రాశాడు. ఎవరిని ఉద్దేశించి రాశాడో దానివల్లే తెలుస్తుంది: ప్రణాళికా సంఘం, తోటి ఇంజనీరు, విదేశీ నిపుణుడు. విజయవాడ ఓటరుకు క్యూసెక్కులు వాగ్దానం చేసినవాడు ఆ ఓటరు చదవలేని భాషలో సంజాయిషీ రాశాడు. కేంద్ర జలసంఘంలోనే ఛీఫ్ ఇంజనీరుగా పనిచేసిన నల్లగొండ జిల్లా మనిషి ఆర్. విద్యాసాగర్‌రావు ఈ తేడాను పట్టుకున్నాడు. టి.ఎం.సి. అంటే ఏమిటో, ట్రిబ్యునలు ఏం చెప్పిందో, ఎవరి వాటా ఎక్కడ పోయిందో తెలుగులో రాసి 'నీళ్ళు - నిజాలు' పేరుతో జనం చేతిలో పెట్టాడు. వాదనలో ప్రాంతీయ పక్షం వహించాడని ఆయన మీద విమర్శ ఉంది. వహించాడు, దాచుకోలేదు. 2017లో ఆయన పోయేనాటికి తెలంగాణ పల్లెల్లో క్యూసెక్కు, టి.ఎం.సి. అనే మాటలు చాయ్ హోటళ్ళలో వినబడే మాటలయ్యాయి. కె.ఎల్. రావు విద్య, విద్యాసాగర్‌రావు భాషలో జనానికి దక్కింది. గ్రామంలోపలి భూమి ప్రశ్న మాత్రం ఈయనా ముట్టుకోలేదు. ప్రాంతం వాటా తేలితే రైతు వాటా దానంతటదే తేలుతుందన్న నమ్మకం ఇద్దరిదీ.

అయితే లెక్క వద్దనే పొరపాటు మనవాళ్ళు చేయకూడదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి మీద ఎన్నడూ ఎరగని వాన కురిసింది. 1922లో కట్టిన పోచారం కట్ట, తాను మోయటానికి కట్టిన కొలతకు మించిన వరదను మత్తడి మీదుగా వదిలి నిలబడింది. దాని కింద ఉన్నది ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట రైతుల పదివేల అయిదువందల ఎకరాలు. నూరేళ్ళ నాటి ఆ మత్తడి ఎంత నీటికి కట్టారు, వచ్చింది ఎంత, మళ్ళీ అంత వస్తే ఏమిటి - ఇది క్యూసెక్కుల ప్రశ్నే. నన్ను మొదట అడిగిన మిత్రుడికి అందులో రెండెకరాలు ఉన్నాయి. జలసంపద పుస్తకం చేతికిచ్చి వరదల గురించి రాసిన చోటు చూడమన్నాను. "ఇంగ్లీషు నాకేడొస్తదన్నా, నువ్వే చదివి చెప్పు" అన్నాడు. వచ్చే ఆదివారం కామారెడ్డిలో కూర్చుందామనుకున్నాం.